అలివిపేట ట్రయల్ రన్

పదకొండోసారి కూడా నీళ్ళు అలివిపేట చేరలేదు.

కొత్తరేవు మునిసిపల్ కౌన్సిల్ హాలు మధ్యలో, పెళ్ళి పందిట్లో వడ్డన బల్లంత పొడుగున్న గాజుబల్ల మీద ఊరు ఊరంతా పరుచుకుని ఉంది. సముద్రపు నీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటు, అక్కణ్ణుంచి బయల్దేరిన పైపులైను, తొమ్మిది వార్డులు. తొమ్మిదో వార్డు కొసన, ఏరు సముద్రంలో కలిసేచోట, అలివిపేట. ఆ వీధుల్లో బొటనవేలంత కాంతిబొమ్మలు నడుస్తున్నాయి, ఆగుతున్నాయి, ఒకదాని చెవిలో ఒకటి ఏదో చెప్పుకుంటున్నాయి. దసరాకి బొమ్మలకొలువు పెడితే అమ్మవారు దయతలచి ఆ బొమ్మలన్నిటికీ ప్రాణం పోసిందనుకోండి, అలా ఉంది. ప్లాంటు దగ్గర బయల్దేరిన నీలం గీత ఎనిమిది వార్డులు దాటి, తొమ్మిదో వార్డు మొగలో సన్నబడి, కుట్టుదారంలా అయి, పుటుక్కున తెగిపోయింది.

"మళ్ళీనా!" అంటూ కమిషనర్ పేరిందేవి చేతిలో ఉన్న ఫైలు బల్ల మీద పడేసింది. ఫైలు కింద మూడో వార్డు మొత్తం చీకటైపోయింది.

"మేడమ్, ఫైలు తియ్యండి, బొమ్మలకి దారి కనపడట్లేదు" అన్నాడు ప్రొఫెసర్ దైవసహాయం నెమ్మదిగా.

పేరిందేవి అసలు నెమ్మదైన మనిషే, అయ్యలారా. పొద్దున్నే విష్ణుసహస్రనామం పూర్తి చేశాకే ఫోను చేతిలోకి తీసుకునే మనిషి. కానీ మూడేళ్ళుగా ఒకే పని మీద తల బాదుకుంటుంటే సహస్రనామం ఎంతకని ఆపుతుంది కోపాన్ని? అది 2058. సముద్రం మీదికి జరిగి జరిగి అలివిపేట బావులన్నీ ఉప్పు కషాయమైపోయాయి. పన్నెండు వందల జాలరి ఇళ్ళు. వారానికి మూడుసార్లు టాంకరు వస్తే తాగాలి, లేకపోతే లేదు. ఆ పేటలో ముప్పై ఏళ్ళవాళ్ళకి కిడ్నీలు పాడవుతున్నాయి. చిత్రమేమిటంటే ప్లాంటులో నీళ్ళకి కొరత లేదు. పైపు అలివిపేట దాకా వేసే ఉంది. ప్రతి ఇంటికీ కుళాయి కూడా ఉంది. ఆ కుళాయిలకి తడి బట్టలు ఆరేసుకుంటున్నారు.

ఎండాకాలం దాటకుండా నీళ్ళిస్తానని పేరిందేవి పేట మధ్యలో నిలబడి మాటిచ్చింది. అంతకు ముందు ముగ్గురు కమిషనర్లూ అదే చోట నిలబడి అదే మాట ఇచ్చారు. అందుకే ఈసారి పథకం ఊరి మీదికి వదిలే ముందు ఈ మెషిన్ మీద వదిలి చూద్దామనుకుంది.

మెషిన్ పేరు ఫలశ్రుతి. స్తోత్రం చివర ఇది చదివినవారికి ఈ ఫలం, ఇది విన్నవారికి ఆ ఫలం అని ఉంటుంది చూడండి, ఆ పేరన్నమాట. క్రైస్తవుడైన ప్రొఫెసర్‌కి ఈ పేరెలా తట్టిందని అడిగితే, "నా స్టూడెంట్లు పెట్టారు, నాకు నచ్చింది" అని నవ్వేవాడు. అది చేసే పనీ అదే. ఒక్కో బొమ్మ ఊళ్ళో ఒక్కో మనిషి. ఇరవై ఏళ్ళ ఫైళ్ళు, ఫిర్యాదులు, బదిలీ ఉత్తర్వులు, హాజరు పట్టీలు అన్నీ మింగి కూర్చుంది. ఎవరేమన్నారన్నది దానికి అక్కర్లేదు, ఎవరేం చేశారన్నదే కావాలి. మీరొక కొత్త ఉత్తర్వు వేస్తే, ప్రతి బొమ్మా రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. ఇది జరిగితే నాకేమొస్తుంది? నాకేం పోతుంది? దాన్నిబట్టి నడుచుకుంటుంది. పదకొండు నిమిషాల్లో ఏడాది గడిచిపోతుంది.

"అంటే మీ మెషిన్ లెక్కన మనుషులంతా దొంగలు. అంతేగా?" అంది పేరిందేవి.

"దొంగలనలేదమ్మా. మనుషులంటోంది."

"మా ఆఫీసులో మంచివాళ్ళే లేరంటారా?"

"ఉన్నారు. సంతలో కూరగాయలమ్మే ఆవిడా మంచిదే. అయినా బేరమాడతారుగా మీరు? ఆవిడ లాభం ఆవిడ చూసుకుంటుందని తెలుసు కనక. అదే మనిషి రేపు ఆఫీసులో కుర్చీ ఎక్కితే రుషి అయిపోయినట్టు చూస్తాం. పబ్లిక్ చాయిస్ థియరీ అని ఎనభై తొంభై ఏళ్ళనాటి శాస్త్రం ఉంది. అది చెప్పేది ఇంతే. కుర్చీ ఎక్కినా మనిషి మనిషే. పథకం రాసేవాడు ఆ మనిషికి రాయాలి, రుషికి కాదు."

"సరే మహానుభావా, ఈసారి తెంపిందెవరో చూపించండి."

ప్రొఫెసర్ వేలు పెట్టగానే ఒక బొమ్మ పెద్దదైంది. చేతిలో టీ ఆకారపు పొడుగాటి ఇనపతాళం.

"గంగులా? మా వాల్వ్ గంగులా? పోయినసారి ఆటోమేటిక్ వాల్వులు పెట్టి ఇతన్ని తప్పించాంగా?"

"ఆటోమేటిక్ వాల్వుల్లో ఇసక పడింది. ఎలా పడిందో ఎవరికీ తెలీదు. మళ్ళీ తాళం పట్టుకుని ఇతనే వచ్చాడు."

హాలు గుమ్మం దగ్గర నిలబడ్డ అసలు గంగులు ఉలిక్కిపడ్డాడు. "నేనా? మేడమ్ గారూ, ఆ దేవుడి తోడు, నేను ఇసక జోలికి పోలేదండి!"

"ఇంకా పోలేదు" అన్నాడు ప్రొఫెసర్. "గంగులుగారూ, మిమ్మల్ని నిందించట్లేదు. ఒక్క సంగతి చెప్పండి. ఊళ్ళో పెళ్ళి కుదిరితే మొదటి శుభలేఖ ఎవరికిస్తారు?"

"దేవుడికండి."

"రెండోది?"

గంగులు తల దించుకున్నాడు. అయినా మీసం కింద చిన్న నవ్వు దాగలేదు. "నాకేనండి. పసుపూ కుంకుమా పెట్టి, పంచె పెట్టి మరీ ఇస్తారు. పెళ్ళినాడు ఆ వీధికి నీళ్ళు వదలాలి కదండి."

కొత్తరేవులో అది ఆచారం. మేనమామకి కూడా గంగులు తర్వాతే. ముప్పై ఏళ్ళుగా ఆ మనిషి ఒక్క రూపాయి అడిగినవాడు కాడు, నిజం. కానీ ఆ రెండో శుభలేఖ పోతే అతని దగ్గర మిగిలేది తుప్పు పట్టిన ఇనపతాళం ఒక్కటే. నీళ్ళు అందరికీ ఎప్పుడూ వస్తే గంగుల్ని ఎవరు పిలుస్తారు?

మిగిలిన పదిసార్లూ ఇదే వరస. ఒకసారి కౌన్సిలర్ సన్యాసినాయుడు. టాంకరు మీద నిలబడి పేటలోకి రావడమే ఆయన రాజకీయం. కుళాయిలో నీళ్ళొస్తే ఆయన ఎక్కడ నిలబడతాడు? ఇంకోసారి అయిదో వార్డు మేడలవాళ్ళు, మోటార్లు పెట్టి పైపు పీల్చేసేవాళ్ళు. వాళ్ళకి ఒక్కొక్కరికీ దక్కేది బోలెడు, అలివిపేటలో ఇంటికి పోయేది రెండు బిందెలు. బోలెడు దక్కేవాడు ఆఫీసుకొచ్చి కూర్చుంటాడు. రెండు బిందెలు పోయినవాడు వేటకి పోవాలి, ఆఫీసుకి ఎక్కడొస్తాడు?

"ఆరోసారి ఎవరు తెంపినారో సెప్పు బాబూ" అంది బల్ల అవతల కుర్చీలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న నూకరత్నం. అలివిపేట తరపున పేరిందేవే పిలిపించింది ఆమెని. టాంకరు దగ్గర బిందెల వరస నడిపేది ఆవిడే.

ప్రొఫెసర్ ఇబ్బందిగా నవ్వాడు. "ఆరోసారి... మీరే."

పేరిందేవి నెత్తి పట్టుకుంది. "ఏంటిది? నీళ్ళు లేక చస్తున్నది వాళ్ళు. వాళ్ళే తెంపుతారా?"

నూకరత్నం మాత్రం ఏమీ నొచ్చుకోలేదు. కాసేపు ఆలోచించి పకపకా నవ్వింది. "నిజివే గదేటి! బిందిల వరస నా సేతిలో ఉండబట్టి గదా పేటంతా నన్ను అక్కా అక్కా అంటాది. నా కోడలు గూడా అక్కడే భయపడతాది. కుళాయి ఒస్తే నన్నెవులు సూత్తారు? ఈ మిసను శానా తెలివైందమ్మా. మా ఆయనకి నలభై ఏళ్ళకి తెలీలేదు నా సంగతి."

హాలంతా నవ్వింది. పేరిందేవి నవ్వలేదు. కానీ ఆ నవ్వులోనే ఆమెకి దారి కనిపించింది. ఇన్నాళ్ళూ వీళ్ళందరి దగ్గర్నుంచీ ఏదో ఒకటి లాక్కోవాలని చూసింది. లాక్కోకుండా, ఉన్నదాన్ని అటు తిప్పితే?

వారం రోజులు కూర్చుని పథకం తిరగరాసింది. ఏ లైనుకైనా వాల్వ్‌మన్‌ని నియమించేదీ తీసేసేదీ ఆ లైను మీద చివరి ఇంటివాళ్ళు. రోజూ నీళ్ళొచ్చాయని చివరి ఇంటివాళ్ళు సంతకం పెట్టాలి, ఆ సంతకానికి పెద్ద నూకరత్నం. నీళ్ళు వదిలే ముందు వీధి మైకులో సుప్రభాతం, దాని వెనకే "మీ కౌన్సిలర్ సన్యాసినాయుడు గారి కృషితో" అని ఒక్క ముక్క. అయిదో వార్డు మోటార్ల గుట్టు చెప్పే పని పక్కింటివాళ్ళకి. దానికి వేరే జీతమూ అక్కర్లేదు, తరతరాలుగా ఉచితంగా చేస్తున్న పనే.

పన్నెండోసారి బొమ్మలు కదిలాయి. నీలం గీత ఎనిమిది వార్డులు దాటింది, తొమ్మిదిలోకి వచ్చింది, అలివిపేట చివరి ఇంటి దాకా పాకింది. నెల. రెండు నెలలు. ఏడాది! ఒక్కరోజూ తెగలేదు. గంగులు బొమ్మ అలివిపేట వీధుల్లో దర్జాగా తిరుగుతుంటే చుట్టూ జనం.

పేరిందేవి కళ్ళు మూసుకుని "గోవిందా" అంది. మూడేళ్ళ గోవింద అది.

"ఒక్కటి మిగిలిందమ్మా" అన్నాడు ప్రొఫెసర్, బల్ల అంచున ఉన్న గాజుపెట్టెలోంచి ఇంకో కాంతిబొమ్మ తీస్తూ. చేతిలో ఫైలు, కళ్ళజోడు, నుదుట చిన్న బొట్టు. "మీరు."

"నేనెందుకు? ఇది రాసిందే నేను. నాకు ఇందులో వచ్చేదేముంది?"

"అందరూ అదే అంటారు. అందుకే మెషిన్ నోటిమాట నమ్మదు. పదకొండు నిమిషాలు, అంతే."

"మాస్టారూ!" పేరిందేవి గొంతు హెచ్చింది. "ఈ మూడేళ్ళలో పండగకి సెలవు పెట్టానా? నా సొంతానికి ఒక్క పని చేయించుకున్నానా? నన్నూ వీళ్ళతో కలిపేస్తారా? నా టైము వృథా చెయ్యకండి. రేపే ఉత్తర్వు."

ప్రొఫెసర్ బొమ్మని పెట్టెలో పడుకోబెట్టి, మూత వేశాడు.

అమ్మలారా, నేనేదో మెషిన్ గొప్ప అని చెప్పట్లేదు. కానీ అనుకున్నది అనుకున్నట్టే అయింది. గంగులు సముద్రం వైపు వాల్వులకి గ్రీజు పెట్టి, అలివిపేట గుడిలో కొబ్బరికాయ కొట్టి వచ్చాడు. సన్యాసినాయుడు తన పేరు మైకులో ఎలా పలకాలో స్వయంగా వచ్చి పలికి వెళ్ళాడు. ఇరవై రోజుల్లో నీళ్ళు అలివిపేట గేటు వాల్వు దాకా వచ్చి ఆగాయి. పైపు మీద చెవి పెడితే లోపల నీళ్ళు మూలుగుతున్నాయి. ఇక ప్రారంభోత్సవమే తరువాయి.

రాజధాని నుంచి రావాల్సిన పెద్దాయన, అంటే మంత్రిగారు, పదో తారీకున వస్తానన్నాడు. పదో తారీకు ఆయనకి పార్టీ సభ పడింది. పద్దెనిమిదన్నారు. పద్దెనిమిది అమావాస్య. పై నెల రెండన్నారు, ఆయన మోకాలి ఆపరేషన్. శామియానా మూడుసార్లు వేశారు, మూడుసార్లు విప్పారు. అలివిపేటలో ఎండ మండిపోతోంది. పైపులో నీళ్ళు పైపులోనే ఉన్నాయి.

"తెరిచేద్దామా మేడమ్?" అన్నాడు గంగులు.

"ఆయన రాకుండానా? మతి ఉందా నీకు?" అని కసిరింది పేరిందేవి. "ఇది ఒక్క ఊరి సంగతి కాదయ్యా. ఇక్కడ ఆయన చేతుల మీదుగా జరిగితే ఇంకో నలభై ఊళ్ళకి ఇదే పథకం. దాని కోసం రాజధానిలో కొత్త ఆఫీసు పెడుతున్నారు..."

అక్కడ ఆగింది. ఆ కొత్త ఆఫీసుకి పెద్ద ఎవరో ఆమె చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం గంగులుకి కనిపించలేదు.

నలభై రోజులైంది. ఒక పొద్దున్న పేరిందేవి పూజ ముగించుకుని వచ్చేసరికి క్వార్టర్స్ వరండాలో నూకరత్నం కూర్చుని ఉంది. తిడుతుందేమోనని పేరిందేవి సిద్ధపడింది. తిడితేనే బాగుండేది.

"కమిషనరమ్మా, ఒక్క మాట అడుగుతాను. కోప్పడకు. ఈ నీళ్ళు ఒగ్గితే నీకేటి పోద్ది?"

"నాకా? నాకేం పోతుంది? నేను మీ కోసమేగా..."

"అది కాదమ్మా. ఆ మిసను అడిగినట్టు అడుగుతన్నాను."

పేరిందేవి నోరు తెరిచింది. హారతి కర్పూరం వాసన ఇంకా చేతికి ఉంది. అబద్ధం ఆడటానికి అది మంచి సమయం కాదు. "ఆయన రాకుండా తెరిస్తే ఆయనకి కోపం వస్తుంది" అంది చివరికి. "ఆ కొత్త పోస్టు నాకు రాదు."

"అదీ మాట! అదేం సెడ్డ మాట గాదు. ఎవులికుండదు?" అని నూకరత్నం దగ్గరికి జరిగింది. "అయితే ఇలా సెయ్యి. పెద్దబాబు వొచ్చినప్పుడే సురువు. రిబ్బను ఆయనే కోత్తాడు. ఈలోగా పైపు సరిగ్గుందో లేదో సూసుకోవాల గదా? టయలు. గంగులు దినాం పొద్దున గంట, సాయంత్రం గంట టయలు ఏత్తాడు. కుళాయిల్లోంచి కారిపోయిన నీళ్ళు మేం బిందిల్లో పట్టుకుంటాం. మట్టిపాలు సేత్తామేటి?"

పన్నెండుసార్లు మెషిన్ తిప్పితే పేరిందేవికి వచ్చిన బుద్ధి, ఈవిడకి ఒక్కసారి చూసేసరికే వచ్చేసింది. తన బొమ్మని పెట్టెలోంచి తియ్యకుండానే చదివేసింది.

"కాగితం మీద మాత్రం ట్రయల్ అనే ఉండాలి" అంది పేరిందేవి, మెల్లగా.

"అసలు కాయితమే ఒద్దు. నోటితో సెప్పు సాలు."

ఆ సాయంత్రమే అలివిపేట కుళాయిల్లో ముందు గాలి, తర్వాత తుప్పు, ఆ తర్వాత తియ్యటి నీళ్ళు వచ్చాయి. ఆడవాళ్ళు కుళాయిలకి బొట్లు పెట్టారు.

పెద్దాయన మాత్రం ఆ ఏడాది రాలేదు. పై ఏడాది ఆయన శాఖ మారింది, కొత్తాయనకి అలివిపేట ఎక్కడుందో తెలీదు. పేరిందేవికి పోస్టయితే వచ్చింది, కానీ కొత్త ఆఫీసులో మూడో కుర్చీ. మొదటి కుర్చీలో ప్రకాశరావనే ఆయన కూర్చున్నాడు, లెక్కప్రకారం పోయే మనిషి. ఫలశ్రుతిని కూడా రాజధానికి తరలించారు. నలభై ఊళ్ళకి ఈ పథకం పనికొస్తుందా అని ప్రకాశరావు దాన్ని అడిగాడు. అది తన పద్ధతిలో ఫైళ్ళు చదివింది. ప్రారంభోత్సవం జరగలేదు. ప్రారంభం కాని పథకానికి నూకరత్నం సంతకాలు ఏ రిజిస్టర్లోనూ లేవు. టాంకర్లు ఇంకా నడుస్తున్నాయి. అందుచేత నీళ్ళు సున్నా. పథకం దండగ.

"ఇంత తెలివైన పథకం ఎందుకు పాడైందో కళ్ళారా చూడాలి" అని ప్రకాశరావు కారెక్కాడు. పథకం రాసిన మనిషి కనక పేరిందేవినీ ఎక్కించుకున్నాడు. దారంతా ఆమె లలితా సహస్రనామం మనసులో చదువుకుంటూనే ఉంది. ఒక్క నామమూ వరసలో రాలేదు.

అలివిపేటలో టాంకరు నిలబడి ఉంది. దాని మీద సన్యాసినాయుడు కూడా. టాంకరు నీళ్ళతో జాలరులు వలలు కడుక్కుంటున్నారు, పడవలు కడుగుతున్నారు. ఒకాయన మేకని కడుగుతున్నాడు. కుళాయిల దగ్గర ఒక్క బిందె లేదు. పొద్దుటి ట్రయల్ అయిపోయిందన్నమాట.

ఇప్పుడు నిజం చెప్పేస్తే? నలభై ఊళ్ళకి నీళ్ళు. కానీ చెప్పిన మరుక్షణం, ఎవరి అనుమతితో తెరిచారని అడుగుతారు. గంగులుకి సస్పెన్షన్, తనకి ఇంకా పెద్దది, గేటు వాల్వుకి సీలు. ఎవరో ఒక పెద్దాయన మోకాలు బాగై వచ్చేదాకా అలివిపేట మళ్ళీ ఉప్పునీళ్ళు. పేరిందేవికి ఆ ఊరి మీద, ఆ ఫైళ్ళ మీద, అన్నిటికన్నా తన మీద ఒళ్ళు మండిపోయింది. మండితే ఏం లాభం? అయినా ధైర్యం చేసి, "సార్, అసలు సంగతేంటంటే..." అని మొదలుపెట్టింది.

నూకరత్నం వచ్చి సరిగ్గా ఆమె కాలి మీద కాలు వేసి నిలబడింది. "నోరిప్పితే రేపే కట్టేత్తారు" అని పళ్ళ మధ్య నుంచి అని, పైకి గొంతు పెంచింది. "రండి బాబూ, ఎండలో వొచ్చినారు!"

ప్రకాశరావు చెమట తుడుచుకుంటూ ఫైలు తెరిచాడు. "ఏమ్మా, మీ పేటకి కుళాయి నీళ్ళు వచ్చాయా, రాలేదా? ఉన్నదున్నట్టు చెప్పు."

"ఎక్కడ బాబూ! ఇంకా రానేదు" అని నిట్టూర్చి, నూకరత్నం తళతళలాడే స్టీలు గ్లాసు అతని చేతిలో పెట్టింది. "ముందీ నీళ్ళు తాగు."

ప్రకాశరావు తాగాడు. సగంలో ఆగాడు. గ్లాసు కళ్ళకెదురుగా పట్టుకుని చూశాడు. టాంకరు వైపు, మేక వైపు, గోడ పక్కన చెమ్మగా ఉన్న కుళాయి వైపు చూశాడు. చివరికి పేరిందేవి వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూస్తోంది.

అతను కలం తీశాడు. ఒక్క క్షణం ఆలోచించాడు.

"నీళ్ళు రాలేదని నా మొదటి రిపోర్టులోనే రాసి పైకి పంపాను" అన్నాడు ఎవరితోనూ కానట్టు. కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన సగం గటగటా తాగేసి, గ్లాసు ముందుకు చాపాడు.

"ఇంకో గ్లాసు ఇప్పించమ్మా."